క్రిస్మసు బండి లాగు జింక

డిసెంబరు మాసము వచ్చినదనిన బెంగళూరు కంటోన్మెంటు దుకాణముల అద్దముల వెనుక, దూదితో చేసిన మంచుమీద, కొమ్ముల జింకలు పూనిన బండి నిలుచును. తరతరములుగా ఈ నగరమున స్థిరపడిన మా యిండ్ల పిల్లలు ఆ రెయిన్‌డీరును వానజింక యనుకొందురు. పేరునకును వానకును సంబంధము లేదు. ప్రాచీన నార్సు భాషలో ఆ మృగమునకు గల ‘హ్రెయిన్’ అను నామమే ఇంగ్లీషున అట్లు మారినది.

క్రిస్మసుతో దీనికి గల చుట్టరికము మిక్కిలి పురాతనమని పలువురు తలంతురు. బైబిలులో ఈ మృగము ప్రసక్తియే లేదు. 1821లో న్యూయార్కున వెలువడిన యొక చిన్న పుస్తకమున సాంటాక్లాసు బండికి ఒకే జింకను కట్టిరి. 1823 డిసెంబరు 23వ తేదీన ట్రాయ్ పట్టణపు పత్రికలో కర్త పేరు లేకుండ వచ్చిన పద్యములో అవి యెనిమిదియైనవి. ఎర్రముక్కు రుడాల్ఫు 1939లో పుట్టెను. మాంట్‌గామరీ వార్డు అను అమెరికా వర్తకసంస్థ పిల్లలకు ఉచితముగ పంచుటకై తన ఉద్యోగియగు రాబర్ట్ మే చేత ఆ కథను వ్రాయించినది. అంగడిలో పుట్టిన మృగము అంగడి అద్దమున నిలుచుట న్యాయమే.

ఐనను ఆ యెర్రముక్కులో కొంత నిజము లేకపోలేదు. దాని లోపలి పొరయందు సన్నని రక్తనాళములు మనుష్యుని ముక్కులోకంటె నూటికి 25 వంతులు దట్టముగ నున్నవని 2012లో పరిశోధకులు ప్రకటించిరి. లోనికి పోవు చలిగాలి ఆ ముక్కు మడతలలో వెచ్చబడును. వెలువడు ఊపిరిలోని వేడియు తేమయు చాలవరకు అచ్చటనే నిలిచిపోవును. కన్నుల మాట మరింత వింత. కంటి వెనుక నుండు అద్దమువంటి పొర వేసవిలో బంగారువన్నెయు, శీతకాలమున నీలివన్నెయు తాల్చును. సూర్యుడే ఉదయింపని ఆ వారములలో, చూపు కొంత మసకబారినను, దొరికిన కొలదిపాటి వెలుతురు వృథాగాకుండుటకు ఇది యుపాయము. వెండ్రుకలు లోన బోలుగ నుండి చలి నాపును. వేసవి బురదలో మెత్తగ పరచుకొను పాదము చలికాలమున ముడుచుకొనగా డెక్క అంచు వాడియై మంచును పట్టును. ఆ డెక్కలతోనే మంచు త్రవ్వి అడుగుననున్న లైకెనును మేయును. మనము మసాలాలో వేయు రాతిపువ్వు ఆ తెగలోనిదే.

మన చుక్కల దుప్పులలో మగవానికే కొమ్ములు. జింకజాతులన్నిటిలో ఆడువానికిని కొమ్ములు మొలచునది ఇదొక్కటియే. మగవాని కొమ్ములు శీతకాలారంభమున రాలిపోవును. చూలుతోనున్న ఆడువి వసంతమున ఈనువరకు వానిని నిలుపుకొని, తాము త్రవ్విన మేతగుంటలను ఇతరుల పాలు కాకుండ కాచుకొనును. కావున సాంటాక్లాసు బండి లాగునవన్నియు ఆడువే యని హాస్యమాడుదురు. కాని ఉత్తర స్కాండినేవియా సామీలు బండికి పూన్చునవి తరచుగ మన యెడ్లవలె విత్తులు కొట్టినవి. వాని కొమ్ములు చలికాలమునను నిలుచును. ఎద్దుబండి నెరిగిన మనకు దీనిలో వింత లేదు.

ఇంత సన్నాహము గల మృగమును ఓడించినది వాన. సైబీరియాలోని యమల్ ద్వీపకల్పమున 2013 నవంబరులో మంచుమీద వాన కురిసి, వెనువెంటనే గడ్డకట్టి, నేలనంతయు రాతిపలకవలె కప్పినది. డెక్క దిగలేదు, క్రింద మేత యున్నను నోటికందలేదు. 61,000 జింకలు ఆకలికి చచ్చినవి. ఉత్తరసముద్రపు మంచుగడ్డ తరుగుటయే ఇట్టి వానలకు కారణమని పరిశోధకులు భావించుచున్నారు. మేత కరవన నేమో మా పెద్దల నోట మేము వినియున్నాము. మా కరవు వాన లేక వచ్చినది, వారి కరవు వాన కురిసి వచ్చినది. ఆ నేలనుండు నెనెత్సులకు జింక తోలే గుడారపు కప్పు, జింక మాంసమే ఆహారము, జింక బండియే ప్రయాణము. మందలు పోయిన కుటుంబములు కొన్ని, బండికి పూన్చుటకు జింకలు లేక, ఉన్నచోటనే చేపలు పట్టుకొని బ్రదుకవలసివచ్చెను.