వదులైన పేచులు

గోడకు బిగించిన అల్మారా, బండిలో బిగించిన అల్మారా చూడటానికి ఒకేలా ఉంటాయి. అదే చెక్క, అవే మరమేకులు, అదే వడ్రంగి చేతి పని. కాని గోడకు ఉన్న అల్మారా తన ఆయుష్షంతా నిశ్చలంగా గడుపుతుంది. బండిలోని అల్మారా ప్రయాణం సాగినంతసేపూ వణుకుతూనే ఉంటుంది. ఒక్కరోజు ప్రయాణంలో అది భరించే కుదుపులను ఇంటి అల్మారా ఏళ్ల తరబడి చూడదు. అందుకే బండి లోపలి మరమేకులు వదులవుతాయి. మా ఇళ్లలో వాటిని పేచులంటాం. వాటిని తిప్పే పనిముట్టు పేచ్‌కస్. ఈ రెండు మాటలూ నేను అక్షరాలు నేర్వకముందే నేర్చుకున్నవి.

నా పుట్టిల్లు నల్లగొండ. మా అబ్బాజాన్ వడ్రంగి. యౌవనంలో లారీలకు చెక్క బాడీలు కట్టారు, తరువాత ఇళ్లకు తలుపులు, మంచాలు చేశారు. మెట్టినిల్లు మహబూబ్‌నగర్. మా వారిది బట్టల వ్యాపారం. దుకాణం లేదు, ఒక వ్యాను ఉంది. నారాయణపేట, గద్వాల చీరలు, దుప్పట్లు, పిల్లల దుస్తులు అందులో సర్దుకుని సంతలకు వెళతారు. ఒక వారం దేవరకద్ర, మక్తల్ వైపు. మరొక వారం జడ్చర్ల మీదుగా 167వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని కల్వకుర్తి, హాలియా, మిర్యాలగూడ వరకు. వ్యాను లోపల రెండు వైపులా అరలు, వెనుక ఒక మనిషి నడుము వాల్చేంత బల్ల, దాని పైన దుప్పట్ల మూటలు పెట్టే పొడవాటి అర ఉంటాయి. సెలవుల్లో నేనూ, మా చిన్నమ్మాయీ తోడు వెళతాం. స్త్రీలు చీర ఎంచుకునేటప్పుడు మరొక స్త్రీ ఎదురుగా ఉంటే నిస్సంకోచంగా మాట్లాడతారు, బేరమూ కుదురుతుంది.

రెండేళ్ల క్రితం వేసవిలో మిర్యాలగూడ నుంచి తిరిగి వస్తున్నాం. ఇషా నమాజు ముగించుకుని బయలుదేరాం. పాప వెనుక బల్ల మీద నిద్రపోయింది. కల్వకుర్తి దాటాక ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర పెద్ద శబ్దమైంది. పై అర ఒక కొస ఊడి, జానెడు ఎడంలో పాప తల పక్కన వాలి ఉంది. అల్‌హందులిల్లాహ్, ఆమెకు గీత కూడా పడలేదు. అయితే ఆ రాత్రి ఇల్లు చేరాక అత్తమ్మ స్పష్టంగా చెప్పారు: "ఇక నా మనుమరాలు ఆ బండి ఎక్కదు. నువ్వూ ఎక్కవద్దు." మా వారు మర్నాడు ఊడిన పేచులన్నీ తిరిగి బిగించారు. బిగించినవి బిగించినట్లే గిరగిరా తిరిగాయి తప్ప పట్టు దొరకలేదు. నాలుగు రోజులు చూసి, లోపలి అమరికంతా తీసివేసి, దూరపు సంతలు మానుకుందామన్నారు. మా సంపాదనలో సగానికి పైగా ఆ దూరపు సంతలదే.

నేను అబ్బాజాన్‌కు ఫోను చేశాను. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి, చేతులు వణికేవి, ఉలి పట్టడం మానేసి చాలా కాలమైంది. అయినా మూడో రోజు తన పనిముట్ల పెట్టెతో నల్లగొండ బస్సు దిగారు. "నా చేతులు పనికిరావు బేటీ. కళ్లు నావి, చేతులు నీవి" అన్నారు. ఆ వారం రోజులు నేర్చుకున్న విషయాలే ఈ వ్యాసం. సొంత బండి ఉన్న ఇళ్లకు, బడి వ్యాన్లు, ఆటోలు నడిపే సోదరులకు ఉపయోగపడతాయని రాస్తున్నాను.

ఆయన చేయించిన మొదటి పని బిగించడం కాదు, విప్పడం. ఒక్కొక్క పేచు తీసి తెల్లని గుడ్డ మీద వరుసగా పెట్టమన్నారు. ఏ పేచు ఏ రంధ్రంలోదో సున్నపు ముక్కతో గుర్తు పెట్టించారు. ఆ తరువాత మరల సందుల్లో ఏముందో చూడమన్నారు. కొన్నింటికి చెక్కపొడి అంటుకుని ఉంది. అంటే లోపలి చెక్క నార నలిగి పొడి అయింది, పేచుకు పట్టుకునే చోటు లేదు. మరికొన్ని రేకులో బిగించినవి. ఆ రంధ్రాల అంచులు అరిగి మెరుస్తున్నాయి. బండి లోపలి రేకు చాలా పలుచన, పేచు మరల్లో ఒకటి రెండు చుట్లు మాత్రమే దాన్ని పట్టుకుంటాయి. ఈ రెండూ వేర్వేరు జబ్బులు, వాటికి మందులూ వేర్వేరు. జబ్బు తెలియకుండా పేచ్‌కస్ తిప్పితే ఉన్న కాస్త పట్టు కూడా పోతుంది.

కుదుపుకు మరలు ఎందుకు వదులవుతాయో మా మేనల్లుడు తన డిప్లొమా పుస్తకం చూసి వివరించాడు. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో దీనిపై పరిశోధన ప్రచురించాడు. బోల్టును నిలువునా లాగే కుదుపు కంటే, బిగించిన రెండు భాగాలను అడ్డంగా ఇటూ అటూ జరిపే కుదుపే ఎక్కువ ప్రమాదమని అతడు చూపాడు. అలా జరిగిన ప్రతిసారీ మరల మధ్య ఒరిపిడి ఒక్క క్షణం సడలుతుంది, ఆ క్షణంలో బోల్టు తనంతట తానే కాస్త వెనక్కి తిరుగుతుంది. అబ్బాజాన్ ఈ మాటలు శ్రద్ధగా విని, "లారీ బాడీలు కట్టే వాళ్లందరికీ తెలిసిన సంగతే. అర ఊగకుండా చేయి, పేచు దానంతట అదే నిలుస్తుంది" అన్నారు. అందుకే ప్రతి అర మూలలోనూ ఇనుప ఎల్ పట్టీలు వేయించారు. అర ఊగడం తగ్గితే పేచు మీద భారం సగం తగ్గినట్లే.

దీనికి మా ప్రాంతపు ఎండలు, వానలు తోడవుతాయి. వేసవిలో మూసి ఉంచిన వ్యాను పొయ్యి మీది డేగిసాలా కాగుతుంది, చెక్క ఎండి కుంచించుకుపోతుంది. జూన్, జూలైలలో తేమ పీల్చి ఉబ్బుతుంది. పేచు మాత్రం అంతగా మారదు. ఏడాదికేడాది ఇలా జరిగితే రంధ్రం దానంతట అదే పెద్దదవుతుంది.

ఇక మందులు. ప్లైవుడ్‌లో నలిగిన రంధ్రానికి అబ్బాజాన్ వెదురు పుల్లలు చెక్కించారు. వెదురు లేకపోతే మందు తీసేసిన అగ్గిపుల్లలు చాలు. పుల్లలకు ఫెవికాల్ పూసి, రంధ్రంలో ఇక పట్టనంత వరకు దిగగొట్టాలి. ఒక రోజంతా ఆరనివ్వాలి. పైకి వచ్చిన కొనలను పదునైన ఉలితో సమంగా కోయాలి. తరువాత మధ్యలో సన్నని రంధ్రం వేయాలి. 8 నంబరు పేచుకు 2.5 నుంచి 3 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుంది. పేచు మొనకు కాస్త సబ్బు రాసి చేత్తో తిప్పాలి. కరెంటు మిషనుతో చివరి వరకు బిగించకూడదు. చెక్క "చాలు" అన్న మాట మిషనుకు వినపడదు, మణికట్టుకు వినపడుతుంది.

మా వ్యానులో పై అర మాత్రం ఈ వైద్యానికి లొంగలేదు. అది పార్టికల్ బోర్డు. చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన ఆ పలకకు నార ఉండదు. ఒకసారి పేచు ఊడితే ఆ చోటు పిండి అయిపోతుంది, తేమ తగిలితే ఉబ్బి విచ్చుకుంటుంది. ఇంట్లో పుస్తకాల అరకు పనికివస్తుందేమో గాని, కదిలే బండిలో బరువు మోసే చోట పనికిరాదు. దాన్ని తీసివేసి ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ కొన్నాం. నీటిని తట్టుకునే ప్లైవుడ్‌కు భారత ప్రమాణాల సంస్థ ఇచ్చిన సంఖ్య అది. పలక మీద ఆ ముద్ర చూసి కొనాలి. ఖర్చు ఎక్కువే. ఆ నెల అత్తమ్మ తన దగ్గర దాచుకున్న డబ్బు నా చేతిలో పెట్టి, "బండి కోసం కాదు, పాప కోసం" అన్నారు.

మనుషుల తలల మీద ఉండే అరకు పేచుల మీదే ఆధారపడవద్దని అబ్బాజాన్ పట్టుబట్టారు. పలక గుండా, బండి ఇనుప పట్టీ గుండా బోల్టులు దూర్చి, రెండు వైపులా వెడల్పు వాషర్లు వేసి, నైలాక్ నట్టులతో బిగించాం. ఆ నట్టు లోపల ఒక నైలాన్ ఉంగరం ఉంటుంది, అది మరలను పట్టుకుని వెనక్కి తిరగనివ్వదు. ఒకసారి విప్పాక వేలితోనే తేలికగా తిరిగితే దాని పని అయిపోయిందని అర్థం, కొత్తది వేయాలి. అరిగిన రేకు రంధ్రాల్లో రివెట్ నట్టులు పెట్టించాం. ఇనుముతో ఇనుము కలిసే చోట మరలకు పట్టించే నీలిరంగు జిగురు మందు కూడా దొరుకుతుంది. 1953లో అమెరికాలో వెర్నన్ క్రీబుల్ అనే ఆచార్యుడు కనిపెట్టిన లాక్‌టైట్ ఆ కోవలో మొదటిది. అది లోహానికే గాని చెక్కకు కాదు. ఏ రంధ్రం వేసినా ముందు రేకు వెనుక కరెంటు తీగ, డీజిల్ గొట్టం లేవని నిర్ధారించుకోవాలి. ఆ పని తెలిసిన మెకానిక్‌ను పక్కన ఉంచుకోవడం మేలు.

సామాను సర్దడంలోనూ మార్పు చేశాం. బరువైన దుప్పట్లు కింది అరల్లోకి వచ్చాయి, తేలికైన పిల్లల దుస్తులు పైకి వెళ్లాయి. టైర్లలో గాలి సరిచూడటం, చక్రాల బ్యాలెన్సింగ్ చేయించడం అలవాటైంది. కుదుపు పుట్టేది అక్కడే కదా!

చివరగా గుర్తులు. బిగించిన ప్రతి పేచు తల మీద నుంచి పలక మీదికి ఒక సన్నని రంగు గీత గీయాలి. పేచు కాస్త తిరిగినా గీత విరిగినట్లు కనిపిస్తుంది. రంగు కోసం వెతికితే, పెళ్లిలో ఎవరో ఇచ్చిన గోళ్ల రంగు సీసా అల్మారాలో దొరికింది. వుజూ చేయాలంటే దాన్ని ప్రతిసారీ తుడవాలని నేను ఎన్నడూ వాడలేదు. ఎర్రని ఆ రంగు పేచుల తలల మీద ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది.

పని ముగిసిన రాత్రి అబ్బాజాన్ తన ఉర్దూ తఫ్సీరు తెరిచి సబా సూరాలో ఒక చోటు చూపించారు. అల్లాహ్ దావూద్ (అలైహిస్సలాం) కొరకు ఇనుమును మెత్తబరచి, కవచాలు చేయమని, వాటి కడియాలను సరైన కొలతతో కూర్చమని ఆదేశించిన సందర్భమది. ఆ కొలత గురించి ముజాహిద్ (రహ్మతుల్లాహి అలైహి) ఇచ్చిన వివరణను ఇబ్నె కసీర్ తన తఫ్సీరులో పేర్కొన్నారు. కడియాలను కలిపే మేకు మరీ వదులై ఊగరాదు, మరీ బిగువై కడియాన్ని చెడగొట్టరాదని దాని సారాంశం. ఖమర్ సూరాలో నూహ్ (అలైహిస్సలాం) ఓడ ప్రస్తావన కూడా పలకలు, మేకుల పేరుతోనే వస్తుంది. ప్రవక్తల చేతుల మీదుగా జరిగిన పనుల్లో మేకు వంటి చిన్న వస్తువుకు కూడా చోటు దొరికింది. "చెక్కపని చేసేవాడు పరలోకంలో జవాబు చెప్పుకోవలసింది వీటి గురించే. బండిలో నిద్రపోయే బిడ్డ మన చేతిలో అమానత్" అన్నారాయన.

ఆ మాట విన్నాక నాకు మా ఇల్లు గుర్తుకు వచ్చింది. మా వారు ఊడిన పేచులను మళ్లీ మళ్లీ బిగించినట్లే, ఇళ్లలో కూడా పట్టు సడలిన చోట గొంతు పెంచి బిగించాలని చూస్తాం. కోడలి మీద అత్త, కొడుకు మీద తండ్రి, భార్య మీద భర్త. లోపల నలిగినదేదో చూసి, ముందు ఆ ఖాళీని నింపి, ఆరడానికి ఒక రోజు సమయమిచ్చి, ఆ పైన చేత్తో మెల్లగా తిప్పే ఓపిక తక్కువ. పాప క్షేమం కోసం కోపగించిన అత్తమ్మే పాప క్షేమం కోసం డబ్బు ఇచ్చారు. ఆ కోపానికి ఎదురు చెప్పకుండా ముందు దాని కారణం సరిచేయడం వల్లనే ఆమె మనసు మెత్తబడిందని నా నమ్మకం. మరుసటి నెల హాలియా ప్రయాణంలో వెనుక బల్ల మీద ఆమె స్వయంగా కూర్చున్నారు. పై అరను రెండు చేతులతో పట్టి ఊపి చూసి, ఏమీ అనకుండా తస్బీహ్ తీసుకున్నారు.

గత శీతాకాలంలో అబ్బాజాన్ అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. అన్నయ్యలు ఆయన పనిముట్ల పెట్టెను నాకు ఇవ్వడానికి ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నారు. ప్రతి నెలా కొత్త నెలవంక కనిపించిన మర్నాడు వ్యాను లోపల తనిఖీ చేస్తాం. పాప టార్చి పట్టుకుని ఎర్ర గీతలు ఒక్కొక్కటే చదువుతుంది: "ఇది సరిగ్గా ఉంది... ఇదీ సరిగ్గా ఉంది... అమ్మీ, ఇది కొంచెం తిరిగింది." నేను పేచ్‌కస్ అందుకుంటాను. పావుగంట పని. మీ ఇంట్లో బండి ఉంటే, మీ పిల్లలు ఎక్కే బడి వ్యాను ఉంటే, ఈ నెలలో ఒక్కసారి లోపలికి వెళ్లి పైనున్న అరలను, సీట్లను, పట్టుకునే కడ్డీలను చేత్తో ఊపి చూడండి. అల్లాహ్ మన ప్రయాణాలను, మన బిడ్డలను తన రక్షణలో ఉంచుగాక. ఆమీన్.