పట్టుదారం వెంబడి: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం

సెలవులు వచ్చినవంటే మైసూరు, ఊటీ అని బయలుదేరే కుటుంబాలు మన రైలుమార్గంలోనే ఉన్న మూడు ఊళ్లను కిటికీలోనుండి చూసి దాటిపోతుంటాయి. బెంగళూరు నుండి గుంతకల్లు పోయే దారిలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వరుసగా వస్తాయి. ఇక్కడ సముద్రం లేదు, జలపాతం లేదు. ఏడాదికి అయిదున్నర వందల మిల్లీమీటర్ల వాన పడితే సంతోషించే సీమ ఇది. అయినా ఇక్కడివారముగా మేము చెప్పేదేమంటే, రెండు దినములు చేతిలో ఉంచుకొని రండి. ఒక్క దినములో మూడూ చూస్తామనుకుంటే బస్టాండ్లు తప్ప ఏమీ చూడలేరు.

హిందూపురంతో మొదలుపెట్టండి. గుత్తిని ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు తన తండ్రి హిందూరావు పేరు ఈ ఊరికి పెట్టాడని చెబుతారు. ఎన్.టి. రామారావు గారు 1985, 1989, 1994లలో శాసనసభకు గెలిచింది ఇక్కడినుండే గనుక పేరు అందరికీ తెలుసు, ఊరు మాత్రం కొందరికే తెలుసు. చింతపండు, బెల్లం, మిరపకాయల వ్యాపారానికి ఈ ఊరు పెట్టింది పేరు. అయితే మేము ముందుగా తీసుకొనిపోయేది పట్టుగూళ్ల మార్కెట్టుకు. ఉదయం పూటే వెళ్లాలి. తెల్లగా, పసుపుగా రాసులు పోసిన గూళ్ల ముందు రైతు నిలబడి ఉంటాడు. రీలర్లు గుప్పెడు గూళ్లు తీసి చెవి దగ్గర ఆడించి, వేలితో నొక్కి, ధర పలుకుతారు.

ఆ రైతు ముఖం చూడండి. పురుగు ఇరవై అయిదు దినములకు పైగా మల్బరీ ఆకు తిని, నాలుగుసార్లు కుబుసం విడిచి, చంద్రికల మీద గూడు అల్లుతుంది. అన్ని దినములూ ఇంటిల్లపాదికీ కంటిమీద కునుకుండదు. పొరుగు చేలో కొట్టిన మందు గాలికి వచ్చి ఆకు మీద పడినా పురుగంతా పోతుంది. తీరా గూళ్లు చేతికి వచ్చాక దాచుకోవడానికి వీల్లేదు. కొద్ది దినములలో లోపలి పురుగు సీతాకోకయై గూటిని తొలుచుకొని వస్తే దారం తెగిపోతుంది. ధర తక్కువని వెనక్కి తీసుకొనిపోయే స్వేచ్ఛ వేరుశనగ రైతుకు ఉన్నంతైనా ఇతనికి లేదు. ఒక మంచి గూటిలో వెయ్యి మీటర్ల దాకా ఒకే దారం ఉంటుందని చెబితే పిల్లలు నమ్మరు. రీలింగు చేసే చోట అడిగి, వేడినీళ్లలోనుండి ఆ దారం లేచిరావడం చూపించండి.

అక్కడినుండి లేపాక్షికి 15 కిలోమీటర్లు. గుడికి మనం ఎందుకని కొందరు సంఘస్థులు అడుగుతుంటారు. మేము పిల్లలను తీసుకొనిపోయేది చరిత్రనూ చేతిపనినీ చూపడానికి. అది పూజ జరిగే చోటు గనుక చెప్పులు బయట విడిచి, మర్యాదగా మెలగడం మన ధర్మం. విజయనగరాన్ని అచ్యుతరాయలు (1529–1542) ఏలిన కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు ఈ వీరభద్రాలయాన్ని కట్టించారు. ఊరి వెలుపల ఒకే రాతిలో చెక్కిన నంది 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. 2022లో ఈ గుడీ నందీ కలిపి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి.

వచ్చినవారందరూ పరుగెత్తేది వేలాడే స్తంభం దగ్గరికి. నేలను పూర్తిగా ఆనని ఆ స్తంభం కింద తువ్వాలు దూర్చి ఇవతలినుండి అవతలికి లాగి, ఫోటో తీసుకొని వెళ్లిపోతారు. మా దృష్టిలో అది లేపాక్షిలో అన్నిటికంటె చిన్న వింత. తల పైకెత్తి కప్పు మీది బొమ్మలు చూడండి. నాలుగు వందల ఏళ్లు దాటినా రంగులు పూర్తిగా పోలేదు. ఆనాటి స్త్రీలు కట్టిన చీరల అంచులు, పురుషుల పొడవాటి టోపీలు అందులో ఉన్నాయి. సగంలో ఆగిపోయిన కల్యాణమండపం దాటగానే లతామండపం స్తంభాల మీద ఒకదానితో ఒకటి పోలని లతలు, పూలు, హంసలు కనబడతాయి. వీటిలోని పనితనమే మా అంచుల్లోకి వచ్చిందని ధర్మవరం నేతన్నలు చెబుతారు. రాజుగారి ధనం అనుమతి లేకుండా ఖర్చుచేశాడన్న నింద పడి, విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు విసిరాడని ఒక కథ. గోడమీది ఎర్రని మరకలు చూపిస్తారు. కథ నమ్మినా నమ్మకపోయినా, పని మాత్రం ఆగిపోయింది.

హిందూపురం తిరిగివచ్చి రాత్రికి రాగిసంగటి, ఊరుబిండి తినండి. ఉదయం బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఇక్కడి తెలుగులో కన్నడం చక్కెరలాగా కరిగి ఉంటుంది. పట్టును ‘రేష్మె’ అన్నా అందరికీ తెలుస్తుంది.

పెనుకొండ ఎండ ఎక్కకముందే చూడవలసిన ఊరు. 1565లో రక్కసతంగడి యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయిన తరువాత, అతని తమ్ముడు తిరుమలరాయలు మిగిలిన ధనముతో ఇక్కడికి వచ్చి రాజధాని చేసుకున్నాడు. అంతటి హంపి పోయినా రాజ్యం ఈ కొండను పట్టుకొని మరికొన్నేళ్లు నిలిచింది. కోటగోడలు, గగనమహలు, జైనుల పార్శ్వనాథ ఆలయం, దూరప్రాంతాల ముసల్మానులు కూడా వచ్చే బాబయ్య దర్గా, అన్నీ నడిచి చూడగలిగినంత దగ్గరలోనే ఉన్నాయి. గగనమహలు చిన్నది. హంపి చూసి వచ్చినవారు పెదవి విరుస్తారు, అది న్యాయం కాదు.

ఊరు దాటగానే ఎర్రమంచి దగ్గర కొరియావారి కియా కార్ల కర్మాగారం. 2017లో ఒప్పందం, 2019లో కార్లు రోడ్డెక్కాయి. హంద్రీ-నీవా కాలువ తెచ్చిన కృష్ణా నీళ్లు నిలిచే గొల్లపల్లి రిజర్వాయరు దానికి దగ్గరలోనే ఉంది. ఈ పరిసరాల్లో కొరియా భాష బోర్డులు చూసి ఆశ్చర్యపోకండి. లోపలికి పంపరు గాని, కొత్త కార్లు బారులు తీరి నిలిచిన దృశ్యం పిల్లలకు కోటకంటె ఎక్కువ నచ్చుతుంది. దానికి మేమేమీ చేయలేము.

ఇక ధర్మవరం. చిత్రావతి ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో వీధిలో నడుస్తుంటేనే మగ్గం చప్పుడు వినిపిస్తుంది. ఊరి పెద్దచెరువును కట్టించిన క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేరున ఊరికి పేరు పెట్టాడంటారు. కొట్లలో చీరలు చూడటం తరువాత, ముందు ఒక నేత ఇంటికి వెళ్లి, “అన్నా, మగ్గం చూడవచ్చునా?” అని అడగండి. కాదనేవారు తక్కువ. ఇంట్లోనే గుంత తవ్వి, అందులో కాళ్లు పెట్టి కూర్చొని నేస్తారు. అన్న నేస్తుంటే వదిన కండెలు చుడుతుంది, ముసలమ్మ దారపు చిక్కులు తీస్తుంది. యోబు గ్రంథంలో నాడె మాట చదివినవారికి, ఆ నాడె ఎంత వడిగా పోతుందో ఇక్కడ కంటికి కనబడుతుంది. వాన ముసురు పట్టితే గుంతలో చెమ్మ చేరి, పడుగు బిగువు తప్పి, పని నిలిచిపోతుంది. ఊరి వెలుపల రైతు ఏ వానకోసం ఎదురుచూస్తాడో, ఊళ్లో నేతన్న ఆ వానకే భయపడతాడు.

ధర్మవరం పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టం కొన్ని రకాలను మరమగ్గాల మీద నేయకూడదని చెబుతున్నది. అయినా అదే డిజైను మరమగ్గం మీద గంటలలో దిగి, చేనేత పేరుతోనే అమ్ముడుపోతున్నది. చేతిమగ్గం మీద పట్టుచీరకు రోజులు పడుతుంది. ముడిపట్టు ధర పెరిగితే ఆ భారం ముందుగా నేతన్న మీద పడుతుంది. అప్పు తెచ్చి పట్టు కొన్నవాడు, నేసిన చీర చెప్పిన ధరకే ఇచ్చి రావలసివస్తుంది. 2000 తరువాతి ఏళ్లలో అప్పుల బాధతో ప్రాణాలు తీసుకున్న నేతన్నల వార్తలు ఈ ఊరినుండి పలుమార్లు వచ్చాయి. కేవలం షాపుల అద్దాల వెనుక చూసి వెళ్లేవారికి ఇవేవీ తెలియవు.

పెళ్లిచీర కొనదలచినవారు సిల్క్ మార్క్, హ్యాండ్లూమ్ మార్క్ రెండు గుర్తులూ అడగండి. కొంగు చివరి దారపుపోగు ఒకటి కాల్చి చూడండి: అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది, కరిగి ఉండకట్టితే అది పట్టు కాదు. జరీలో వెండి ఎంత అని అడగడానికి మొహమాటపడవద్దు. నేత ఇంట్లో కొనేటట్లయితే సగానికి సగం బేరమాడకండి. ఎన్ని దినములు నేశారో అడిగి, దినానికి ఎంత పడిందో అక్కడే లెక్కవేయండి. మీ ఊరి కూలి రేటుతో పోల్చిన తరువాత ధర మాట్లాడండి.

ధర్మవరం జంక్షను గనుక తిరుగుప్రయాణానికి ఇబ్బంది లేదు. గుంతకల్లు వైపు, బెంగళూరు వైపు, కదిరి మీదుగా పాకాల వైపు బళ్లు ఉన్నాయి. వేసవిలో వచ్చేవారు నీళ్ల సీసాలు, తలగుడ్డ మరువకండి. పెనుకొండ కొండ ఎక్కేవారికి ఆ రెండూ చాలవు, మజ్జిగ కూడా కావాలి.