సంఘం హాల్లో ఇటుకల పశువుల పాక



డిసెంబరులో మన హాల్లో కట్టిన పశువుల పాక ఫోటోలు చూసి చాలామంది ఫోను చేశారు. ఎన్ని ఇటుకలు పట్టాయి, ఎవరి ఆలోచన, అసలు మన సంఘంలో ఇది దేనికి అని. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి గొంతు పోయింది, అందుకని ఇక్కడ రాస్తున్నాము. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

తమిళంలో కుడిల్ అంటారు, మన తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లో పశువుల పాక అంటారు. క్రిస్మసుకి ముందు ఇంట్లో ఒక మూల చిన్న గుడిసె కట్టి, మరియమ్మ, యోసేపు, గొర్రెల కాపరులు, ముగ్గురు రాజులు, ఆవు, గాడిద, మధ్యలో తొట్టిలో బిడ్డ. పెరంబూరు, అయనావరం వీధుల్లో పుట్టి పెరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. మేము చిన్నప్పుడు రైల్వే క్వార్టర్స్‌లో ఇంటింటికీ తిరిగి చూసేవాళ్ళం. ఇప్పుడు కొత్తగా జరిగింది ఏమిటంటే, పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలతో, ఆరడుగుల బల్ల మీద, మన హాల్లో కట్టడం.

ఇది దసరా కొలువు రోజుల్లో మొదలైంది. మన సంఘంలో క్రైస్తవ కుటుంబాలు అయిదు. అందులో ఒక అత్తగారు ఏటా కొలువు మెట్లకి బట్ట పరచడానికీ, పూలదండలు కట్టడానికీ వస్తారు. చివరిరోజు బొమ్మలను బట్టలో చుట్టి పెట్టెలో పెడుతూ, మాటల్లో మాటగా అన్నారు: "మా ఇంట్లోనూ ఇట్లాగే చుట్టిపెట్టేదాన్ని. మా అమ్మ ఇచ్చిన మట్టి బొమ్మలు. 2015 వరదలో పెట్టె విప్పితే బురద తప్ప ఏమీ లేదు." ఆ తరవాత ఆమె పాక కట్టలేదట. పక్కన కూర్చున్న పిల్లలు విన్నారు. వాళ్ళల్లో ఒకడు అరవంలో అడిగాడు, "పాటీ, మా దగ్గర ఇటుకలున్నాయి, కట్టేద్దామా?" అని. ఆలోచన వాడిది. మాది కాదు.

కమిటీలో మాటా మాటా వచ్చింది. దాచడం దేనికి, వచ్చింది. ఒకాయన "చర్చిలో ఎట్లాగూ పెడతారు గదా, హాల్లో ఎందుకు" అన్నారు. ఇంకొకరు "దేవుణ్ణి ఆటబొమ్మల్తో చెయ్యడం ఏమిటి, వాళ్ళే ఒప్పుకోరు" అన్నారు. సంగతి తెలిసి ఆ అత్తగారు, "వద్దు నాయనా, నా మూలంగా మాటలెందుకు" అని రెండు వారాలు హాలు వైపు రాలేదు. అప్పుడే మాకు కట్టి తీరాలనిపించింది.

ఆటబొమ్మల మాటకి మా జవాబు సులువు. మన కొలువులో దశావతారాల పక్కన క్రికెట్ టీము ఉంది, చెట్టియారు కొట్టు ఉంది, కీ ఇస్తే తిరిగే రైలు ఉంది. వాటిని ఎవరూ ఆక్షేపించలేదు. ఇటలీలో నేపుల్స్ ఊళ్ళో సాన్ గ్రెగోరియో అర్మేనో అనే వీధి ఉంది. వీధంతా పశువుల పాక బొమ్మలు చేసేవాళ్ళే. అక్కడ బిడ్డ ఏసు చుట్టూ రొట్టెలమ్మేవాడు, చేపలమ్మేవాడు, ఆఖరికి ఫుట్‌బాల్ ఆటగాళ్ళు కూడా ఉంటారు. కొలువుకీ దానికీ బుద్ధి ఒకటే: దేవుడి పక్కన ఊరు మొత్తం ఉండాలి.

ఈ ఆచారం పేరు చెప్పగానే అస్సీసి ఫ్రాన్సిస్ గుర్తొస్తారు. 1223 క్రిస్మసు రాత్రి ఇటలీలోని గ్రెచ్చో అనే చిన్న ఊళ్ళో, ఒక తొట్టి, గడ్డి, నిజం ఎద్దు, నిజం గాడిద తెచ్చి పెట్టించారు. 2023 డిసెంబరుకి సరిగ్గా 800 ఏళ్ళు. ఇంకో సంగతి. లూకా సువార్తలో తొట్టి ఉంది గాని ఎద్దూ గాడిదా లేవు. మత్తయిలో తూర్పుదేశపు జ్ఞానులు ఉన్నారు గాని ముగ్గురని లేదు. మూడు కానుకలు తెచ్చారు కాబట్టి ముగ్గురన్నారు. జనం ప్రేమతో కలుపుకుంటూ పోయిన బొమ్మలివి. అలాంటప్పుడు ప్లాస్టిక్‌కి మాత్రం అడ్డేమిటి?

ఇటుకలు 14 ఇళ్ళ నుంచి వచ్చాయి. అందులో క్రైస్తవుల ఇళ్ళు రెండే. మాకు బాగా నచ్చింది ఇదే. మట్టి బొమ్మ అయితే ఎవరు ముట్టుకోవచ్చు, పగిలితే ఎవరిది పాపం అని సందేహం. పిల్లల ఇటుకకి ఆ గొడవ లేదు. గూడ్స్ షెడ్డులో లెక్కలు రాసిన చెయ్యి కదా, ఒక రిజిస్టరు వేశాము. ఎవరి ఇంటినుంచి ఎన్ని, ఏ రోజు, తిరిగి ఇచ్చినప్పుడు సంతకం. మొత్తం 6,312. లెగో వాళ్ళవి సగం కన్నా తక్కువ, మిగిలినవి బజారు రకాలు. డెన్మార్కు కంపెనీ 1958లో పేటెంటు తీసుకున్న ఇటుక ఇప్పటి ఇటుకతో కూడా అతుక్కుంటుంది. బజారు రకాల్లో కొన్ని రెండురోజులకే పట్టు వదిలేస్తాయి. వాటిని కొండకి పంపాము, గోడకి పెట్టలేదు.

గోడ సంగతి చెప్పాలంటే మన మేస్త్రి తాత గురించి చెప్పాలి. నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో ఇళ్ళు కట్టిన మనిషి. చివర కూర్చుని చూస్తున్నవారు, పిల్లలు ఇటుక మీద ఇటుక నిలువుగా పేరుస్తుంటే ఆగలేక లేచారు. "సందు మీద సందు పడితే గోడ నిలవదురా!" ఆ రోజు నుంచి పని ఆయన చేతిలోకి పోయింది. ఎనిమిది బుడిపెల ఇటుక పొడుగు 32 మిల్లీమీటర్లు, ఎత్తు 9.6. మీటరు పొడుగు, 20 సెంటీమీటర్ల ఎత్తు గోడకి 650 ఇటుకలు పైన పడతాయి. లెక్క చూసి తాత కొండల లోపల చెప్పుల అట్టపెట్టెలు పెట్టించి పైన మాత్రం ఇటుక తొడిగించారు. పాక కప్పుకి రెండు వైపులనుంచీ ప్రతి వరసా ఒక్క బుడిపె లోపలికి జరిపారు. 16 బుడిపెల ఖాళీ ఎనిమిది వరసల్లో మూసుకుపోయింది. సందు, వరస, మూల, దూలం, గూడు... బడిలో తెలుగు లేని పిల్లలు ఈ మాటలన్నీ తాత నోట విని నేర్చుకున్నారు. మేమూ అరవ బడిలో చదివినవాళ్ళమే, తెలుగు అక్షరాలు మాకు ఉద్యోగంలో చేరాక వచ్చాయి. అందుకని ఇది మాకు చిన్న సంగతి కాదు.

డిసెంబరు 4న మిగ్‌జాం తుఫాను. హాల్లో మోకాలి లోతు నీళ్ళు. బల్ల మీద కట్టిన గోడలకి ఏమీ కాలేదు గాని, రంగు వారీగా వేరుచేసి కింద పెట్టిన సంచులన్నీ మురికినీళ్ళలో కలిసిపోయాయి. నీళ్ళు తీశాక అత్తగారు తనంతట తానే వచ్చారు, చీపురు పట్టుకుని. పిల్లలూ ఆమే కలిసి బకెట్లలో సబ్బునీళ్ళతో ఇటుకలు కడిగి, మిద్దె మీద పాత పంచెలు పరిచి ఎండబెట్టారు. ఒక ఇటుకని చేతిలో తిప్పి తిప్పి చూసి, "వీటికేమీ కాలేదే" అన్నారు. అంతే. మళ్ళీ కడగడం మొదలుపెట్టారు.

రెండోసారి వేరుచేసినప్పుడు రంగు వదిలి ఆకారం వారీగా చేశాము. కట్టేవాళ్ళకి పనికొచ్చే సంగతి ఇది: ఎర్ర కుప్పలో చిన్న ఎర్ర ముక్క కంటికి ఆనదు, చిన్న ముక్కల కుప్పలో ఎర్రది వెంటనే కనపడుతుంది.

మనుషుల బొమ్మలకి కరువొచ్చింది. ఉన్నవాళ్ళంతా పోలీసులు, ఫైర్‌మెన్లు. హెల్మెట్ తీసి గడ్డం ఉన్న తల పెడితే కట్టడం కూలీ యోసేపయ్యాడు. అదీ సరే, ఆయన వడ్రంగే గదా. అత్తగారు తన పాత చీర అంచు కత్తిరించి మరియమ్మకి నీలం ముసుగు కుట్టారు. నాలుగు సెంటీమీటర్ల బొమ్మకి అంత సన్నగా ఎలా కుట్టారో! "అందరికీ కామెర్లొచ్చినట్టున్నాయే" అని మేస్త్రి తాత నవ్వారు. 1978లో వచ్చినప్పుడు ఆ బొమ్మల మొహం పసుపే, ఏ ఒక్క జాతివాళ్ళలాగా ఉండకూడదని. బిడ్డ బొమ్మ మాత్రం ఎవరి ఇంట్లోనూ లేదు. తెల్ల ఇటుక మీద గుండ్రటి ముక్క ఒకటి పెట్టాము. మొహం లేదని పిల్లలు దిగులుపడితే అత్తగారే అన్నారు: "పొత్తిగుడ్డలో చుట్టిన బిడ్డకి మొహం ఎక్కడ కనపడుతుందిరా? వాళ్ళమ్మకి కనపడితే చాలు."

24 రాత్రి బిడ్డని తొట్టిలో పెట్టింది ఆమే. రాజులు మాత్రం అప్పుడే రాకూడదు, జనవరి 6న చేరాలి. 32 బుడిపెల పలకలు ఏడు వరసగా పెడితే ఆరడుగులకి కొంచెం తక్కువ. చివరి పలక మీద పాక, ముందున్న ఆరు పలకలు రాజుల దారి. 192 బుడిపెలు, 13 రోజులు. రోజుకి 15, ఆఖరి రోజు 12 అని టైంటేబుల్ రాసి గోడకి అంటించాము. కొత్త సంవత్సరం రోజు పిల్లలెవరూ రాలేదు, ఒంటెలు కదల్లేదు. మర్నాడు 30 జరిపి లేటు కవర్ చేశారు. ఒంటెలు జరపడానికి రోజూ మనవణ్ణి వేలు పట్టుకుని తీసుకొచ్చింది ఎవరనుకున్నారు? "చర్చిలో పెడతారు గదా" అన్నాయనే.

6వ తేదీ శనివారం రాజులు చేరారు. అత్తగారింటి నుంచి ఒక డబ్బా అచ్చు మురుకులు, కల్‌కల్ వచ్చాయి. కొలువు సుండల్ పంచినట్టే పంచాము. మర్నాడు విప్పేశాము. 40 రోజుల పని రెండున్నర గంటల్లో అయిపోయింది. రిజిస్టరు ప్రకారం 14 ఇళ్ళకీ లెక్క అప్పగించి సంతకాలు తీసుకున్నాము. తొమ్మిది ఇటుకలు తక్కువ, ఎవరూ అడగలేదు. నీలం ముసుగు బొమ్మని విప్పడానికి పిల్లలు ఒప్పుకోలేదు. ఆ బొమ్మ గల ఇంటివాళ్ళ సమ్మతితో, కొలువు పెట్టెలో మరపాచి బొమ్మల పక్కన గుడ్డలో చుట్టి పెట్టాము.

ఖర్చు 2,340 రూపాయలు, ప్లైవుడ్‌తో సహా. బిల్లులు కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఈసారి ఖర్జూరపు చెట్లు మూడే నిలబెట్టగలిగాము. ఎవరి ఇంట్లోనైనా ఆకుపచ్చ ముక్కలుంటే, పిల్లలు పెద్దవాళ్ళయిపోయారని పాత సామాన్లవాడికి వేసేయకండి. సెప్టెంబరు లోపల హాలుకి పంపండి, రిజిస్టరులో రాసుకుంటాము.