ఆడేది ఇద్దరం, స్కోరు ఒక్కటే

ఈ పోస్టు మేమిద్దరం కలిసి రాస్తున్నం. ఫోన్ ఒకరిది, మాటలు ఇద్దరివి. జర పెద్దగనే ఉంటది, ఆఖరి దాకా చదవండి. ఆఖర్ల మీతోని ఒక పని ఉంది.

మాది ఎల్లారెడ్డి దిక్కు. పక్కపక్క తండాలే అయినా దోస్తులమైంది మాత్రం హాస్టల్‌లో, ఆరో తరగతిల. ఇప్పుడు కామారెడ్డిల డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నం. ఒకటే రూమ్. కిరాయి 2,400, చెరి సగం. పండుగలకు, సెలవులకు లింగంపేట మీదుగ బస్సుల ఇంటికి పోతం. జీరో టికెట్ వచ్చినంక చార్జీల బాధ తప్పింది.

హాస్టల్‌ల మాకు ఉన్నవి నాలుగు రాకెట్లు, ఒక నెట్టు. మట్టి గ్రౌండుల ముగ్గుపిండితోని గీతలు గీసుకునేటోళ్లం. ఆడాలనుకునేటోళ్లు నలభై మంది. సింగిల్స్ ఆడితే ఇద్దరికే ఛాన్స్ దొరుకుతది. అందుకని పీఈటీ మేడం సింగిల్స్ ఆడనియ్యకపోయేది. అట్ల మేం డబుల్స్ నేర్చుకున్నం. ఇష్టపడి కాదు, జాగ లేక.

మాలో ఒకరిది ఎడమ చెయ్యి. ఎడమ చేత్తో తింటే ఇంట్ల తిట్లు పడేవి. ఆట మొదలుపెట్టినంక మేడం చెప్పింది, గుత్తా జ్వాలది గూడ ఎడమ చెయ్యేనని. ఆ రోజు నుంచి ఆమె గురించి ఎక్కడ ఏం దొరికినా చదివినం.

జ్వాల 1983లో పుట్టింది. నాన్న తెలుగాయన, అమ్మ చైనా ఆమె. హైదరాబాద్‌లో ఎస్.ఎం. ఆరిఫ్ దగ్గర ఆట నేర్చుకుంది. 2000లో జూనియర్ నేషనల్స్ సింగిల్స్ గెలిచింది. అదే ఏడాది శ్రుతి కురియన్‌తో కలిసి జూనియర్, సీనియర్ డబుల్స్ టైటిళ్లు రెండూ గెలిచింది. సింగిల్స్ ఆడగలిగి గూడ డబుల్స్ పట్టుకుంది. మన దేశంల పేరు, పైసలు, స్పాన్సర్లు అన్నీ సింగిల్స్ వాళ్ల ఎంబడే పోయే రోజులవి. డబుల్స్ వాళ్లను గూడ పట్టించుకోండని ఆమె బయటికే అడిగింది. నోరెక్కువ అనిపించుకుంది. అయినా అడుగుడు ఆపలే.

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో అశ్విని పొన్నప్పతో కలిసి బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడు లండన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఇద్దరూ కాంస్యం తెచ్చారు. మహిళల డబుల్స్‌లో ప్రపంచ పోటీల నుంచి మన దేశానికి వచ్చిన మొదటి పతకం అది.

డబుల్స్ ఆడని వాళ్ల కోసం ఒక మాట. డబుల్స్ కోర్టు వెడల్పు 6.1 మీటర్లు, సింగిల్స్ కోర్టు 5.18 మీటర్లే. కొట్టేటప్పుడు ఒకరు ముందు, ఒకరు ఎనుక. అవతలోళ్లు కొడుతుంటే పక్కపక్కకు రావాలె. ఎవరు ఎప్పుడు జరగాలె అన్నది నోటితోని చెప్పుకునే టైం ఉండది. షటిల్ ఎవరి తప్పుతోని కింద పడ్డా పాయింటు ఇద్దరిదీ పోతది. అందుకే తప్పు చేసినామె దగ్గరికి రెండో ఆమె పోయి చెయ్యి తట్టి వస్తది. మేం ఆటల మొదలు నేర్చుకున్నది స్మాష్ కాదు, అది.

2012 లండన్ ఒలింపిక్స్ సంగతి చదివినప్పుడు మాకు రాత్రి నిద్ర పట్టలే. గ్రూపుల నాలుగు జోడీలు. జ్వాల, అశ్విని జపాన్ మీద ఓడిపోయారు, చైనీస్ తైపీ మీద, సింగపూర్ మీద గెలిచారు. మూడు జోడీలకు రెండేసి గెలుపులు వచ్చినయి. లెక్క పాయింట్ల తేడా దాకా పోయింది. ఒక్క పాయింటు తక్కువై ఇద్దరూ బయటికొచ్చారు. ఒక్క పాయింటు! ఏ మ్యాచుల ఏ షటిల్ అన్నది ఎవరు చెప్పగలరు? అది జ్వాలదా, అశ్వినిదా అని అడిగితే జవాబు ఉండది.

ఆ తర్వాత జ్వాల కొన్నాళ్లు ఆటకు దూరంగ ఉంది. అశ్విని ప్రద్న్యా గాద్రేతో కొత్త జోడీ కట్టాల్సి వచ్చింది. తర్వాత ఇద్దరూ మళ్లీ కలిశారు. 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో వెండి పతకం, 2015లో కెనడా ఓపెన్ టైటిల్, 2016లో రియో ఒలింపిక్స్. రియోల ఒక్క మ్యాచ్ గూడ గెలవలే. కానీ అక్కడిదాకా ఇద్దరూ కలిసే పోయారు.

పైసలున్న దేశంల గూడ ఈ తిప్పలే. ఇంగ్లండ్ జోడీ మార్కస్ ఎల్లిస్, క్రిస్ లాంగ్రిడ్జ్ రియోల కాంస్యం గెలిచారు. అదే ఏడాది డిసెంబర్‌ల టోక్యో ఒలింపిక్స్ కోసం అక్కడి బ్యాడ్మింటన్‌కు ఇచ్చే నిధులు ఆపుతున్నమని యూకే స్పోర్ట్ సంస్థ చెప్పింది. ఇద్దరూ జోడీ విడువలే. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ ఫైనల్‌లో మన అమలాపురం సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి జోడీనే ఓడించి బంగారం గెలిచారు. సాత్విక్, చిరాగ్ గూడ విడిపోలే. 2022లో బర్మింగ్‌హామ్‌ల ఇంకో ఇంగ్లండ్ జోడీని ఫైనల్‌ల ఓడించి బంగారం తెచ్చారు. 2023లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు.

ఇంత దూరం ఎందుకు, మన దగ్గరే చూడండి. మలావత్ పూర్ణక్క మన తాడ్వాయి గురుకులంలనే చదివింది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమెతోని ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఆనంద్ కుమార్ ఉన్నడు. ఆ కొండకు గూడ ఇద్దరు పోయిన్రు.

ఇగ మా సంగతి. మాలో ఒకరికి సంబంధం వచ్చింది. ఎవరికన్నది ఇక్కడ రాయం. పిలగాడు మంచోడే అంటున్నరు, కట్నం గూడ తక్కువ అడుగుతున్నరంట. ఇంట్ల ఎనుక ఇంకో ఇద్దరు చెల్లెండ్లున్నరు. అందుకే బాపును తప్పు పడ్తలేం. యాడి అయితే ఏమంటలేదు, పొయ్యి దగ్గర కూసోని ఏడుస్తున్నది. ఎండాకాలంల పెళ్లి పెట్టుకుందామని మాట నడుస్తున్నది. అప్పటికి మూడో సంవత్సరం గూడ మొదలుగాదు.

ఒకరు పోతే ఇంకొకరు 2,400 కట్టలేరు. రెండో ఇంట్ల గూడ ఇప్పటికే మాట వచ్చింది, "ఒక్కదానివే టౌన్‌ల ఎట్లుంటవ్, నువ్వు గూడ వచ్చెయ్" అని. అంటే ఒక్క సంబంధంతోని రెండు చదువులు ఆగుతయి. మేం ఇంట్ల చెప్తే "పోరిల మాటలు" అని తీసేస్తున్నరు.

అందుకే అడుగుతున్నం. ఈ గ్రూపుల డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం చేస్తున్న అక్కలున్నరు, టీచరన్నలున్నరు. ఎల్లారెడ్డి దిక్కు వచ్చేటోళ్లు ఎవరన్న ఒక్కపూట తండాకు వచ్చి బాపుతోని కూసోని మాట్లాడండి. సంబంధం చెడగొట్టమంటలేం. డిగ్రీ అయ్యేదాకా ఏడాదిన్నర ఆగమని పెద్దమనిషిలెక్క చెప్పండి. ఆగని పక్షంల పెళ్లయినంక గూడ చదివిస్తమని పిలగాడి వాళ్లతోని పది మంది ముందర మాట తీసుకోండి.

ఇంకోటి. మీ హాస్టల్‌ల, మీ కాలేజ్‌ల మీ జోడీ ఎవరో చూసుకోండి. పది రోజులు క్లాసుకు రాకపోతే ఫోన్ చెయ్యండి. ఎత్తకపోతే ఇంటికి పొండి.

తండాకు రాగలిగినోళ్లు మెసేజ్ పెట్టండి. మాలో ఎవరికి పెట్టినా ఒకటే, ఇద్దరం చదువుతం.