సౌరఫలకం ఒక పందిరి కూడా

సొంతంగా కట్టుకున్న క్యాంపర్ ట్రెయిలర్‌కు, అంటే కారు వెనుక తగిలించుకొని తీసుకుపోగల చిన్న చక్రాల గదికి, సౌరఫలకాలు అమర్చుకోవడం దక్కన్ ప్రాంతంలో ఇంకా అరుదైన పనే. కారవాన్ అనగానే తెలుగువారికి సినిమా షూటింగుల వద్ద జనరేటర్ మోతతో నిలిచి ఉండే బస్సు గుర్తుకు వస్తుంది కాని, ఒక కుటుంబం ప్లైవుడ్డూ అల్యూమినియం రేకులూ కొని తెచ్చి కట్టుకున్న ప్రయాణపు గది గుర్తుకు రాదు. అయినా చక్రాల మీది గదికి వెలుగును, గాలిని సమకూర్చే విద్య సికింద్రాబాద్‌కు కొత్త కాదు. నిజాం రైల్వే కాలంలో, 1893లో, నెలకొల్పిన లాలాగూడ వర్క్‌షాపు రైలు పెట్టెల మరమ్మతుకు పుట్టినది. రాణీగంజ్ దుకాణాల్లో బేరింగులు మొదలుకొని బోల్టుల దాకా దొరకని ఇనుప సామాను తక్కువ.

రైలు పెట్టె ఈ ట్రెయిలర్‌కు చాలా దగ్గరి చుట్టం. పాతతరం పెట్టెల కింద ఇరుసుకు బెల్టుతో కలిపిన ఆల్టర్నేటర్, అంటే చక్రం తిరుగుడును విద్యుత్తుగా మార్చే యంత్రం, రైలు నడుస్తున్నంతసేపూ 110 వోల్టుల బ్యాటరీలను నింపుతుంది. రైలు ఆగినప్పుడు ఫ్యాన్లూ దీపాలూ ఆ నిల్వతోనే నడుస్తాయి. అయితే రైలు పెట్టె ఎక్కువ కాలం కదులుతూ ఉండేది, ట్రెయిలర్ ఎక్కువ కాలం ఒకచోట నిలిచి ఉండేది కనుక, దీనికి నిలిచి ఉన్నప్పుడు నింపే ఆధారం కావాలి. రైల్వే కూడా ఆ ఆలోచన చేసింది. 2017 జూలై 14న ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ స్టేషన్‌లో అప్పటి రైల్వేమంత్రి సురేశ్ ప్రభు ప్రారంభించిన డెమూ రైలులో ఒక్కో పెట్టె కప్పుపై 16 సౌరఫలకాలు బిగించారు. ఆ రైలును లాగినది డీజిలే. సూర్యుడు ఇచ్చినది దీపాలకూ ఫ్యాన్లకూ కావలసిన విద్యుత్తు మాత్రమే. ట్రెయిలర్ కట్టుకునేవారు కూడా ఈ హద్దును మొదటే గుర్తించడం మంచిది.

సికింద్రాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల మే రెండోవారంలో ఒకసారి, ఆగస్టు తొలివారంలో మరొకసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. కనుక కప్పుపై ఫలకాన్ని దాదాపు చదునుగా పరచినా వేసవిలో నష్టం స్వల్పమే. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలినప్పుడు మాత్రం మధ్యాహ్నపు రాబడి సుమారు నాలుగోవంతు తగ్గుతుంది. తెరచి మూయగల వాలు చట్రాలు చేయించి కప్పు బరువు పెంచుకోవలసిన అవసరం ఇక్కడ లేదు. వాన నీరు, దుమ్ము జారిపోవడానికి చాలినంత ఏటవాలు ఉంటే సరిపోతుంది.

ఇక్కడ ఎండకు కొదవ లేదు, చిక్కంతా వేడితోనే. ఫలకం మీద రాసి ఉండే వాట్ల లెక్క, కణాల ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పుడు ప్రయోగశాలలో కొలిచినది. సిలికాన్ కణాల శక్తి ఆపైన ప్రతి డిగ్రీకి నూటికి 0.35 నుంచి 0.4 వంతు తగ్గుతుంది. సికింద్రాబాద్ వేసవి మధ్యాహ్నంలో కణాలు 65 డిగ్రీలకు కాగడం మామూలే కాబట్టి, 100 వాట్ల ఫలకం నిండు ఎండలోనే 85 వాట్ల దగ్గర ఆగిపోతుంది. వంగే గుణం గల పలుచని ఫలకాలను జిగురుతో నేరుగా కప్పుకు అంటిస్తే వేడి పోయే దారి లేక ఇంకా నష్టం కలుగుతుంది. ఆ వేడి కప్పుగుండా పడుకునేవారి మీదికి దిగుతుంది. అదే గాజు ఫలకాన్ని అల్యూమినియం యాంగిళ్ల మీద మూడు నాలుగు వేళ్ల ఎత్తున నిలిపితే, కింద గాలి ఆడి కణాలు చల్లబడతాయి, కప్పు మీద ఎండ నేరుగా పడదు, లోపలి గది కూడా చల్లగా ఉంటుంది. ఈ నేలలో కప్పుమీది ఫలకాన్ని ముందు పందిరిగా, ఆ తరువాత విద్యుత్తు వనరుగా చూడవలసి ఉంటుంది. జిగురు ఫలకాలు తేలిక అన్న మాట నిజమే అయినా, ఆ తేలికదనానికి ఇంత మూల్యం చెల్లించడం సమంజసం కాదు.

చెట్టు నీడ విషయంలో మరొక చిక్కు ఉంది. మనిషి వేపచెట్టు కింద బండి ఆపాలనుకుంటాడు, ఫలకానికి ఎండ కావాలి. ఫలకంలోని కణాలు ఒకదాని వెంట ఒకటిగా వరుస కట్టి ఉంటాయి కనుక, ఒక కొమ్మ నీడ కొన్ని కణాలపై పడినా ఆ వరుస అంతటి ప్రవాహం పడిపోతుంది. ఆ భాగాన్ని తప్పించి విద్యుత్తుకు పక్కదారి ఇచ్చే బైపాస్ డయోడ్లు ఉన్నా, ఫలకంలో ఒక పెద్ద భాగం పనిచేయనట్లే లెక్క. అందువల్ల కప్పుపై ఉన్నదానికి తోడు మడిచి దాచుకోగల మరొక ఫలకాన్ని ఎండలో పరచి, పొడవైన తీగతో కలపడం ఈ వాతావరణానికి తగిన ఏర్పాటు. తీగ మాత్రం లావుగా ఉండాలి. 12 వోల్టుల వద్ద 10 ఆంపియర్ల ప్రవాహం 6 మీటర్ల దూరం పోయి రావాలంటే, 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో సుమారు 0.8 వోల్టు వేడిగా వృథా అవుతుంది; 6 చదరపు మిల్లీమీటర్ల తీగలో ఆ నష్టం సగం కన్నా తక్కువ.

అవసరాల లెక్క చిన్నదే. సుమారు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ విద్యుత్తుతో తిరిగే రకం) 12 గంటలు, మూడు ఎల్‌ఈడీ దీపాలు, ఫోన్లు, 12 వోల్టుల చిన్న ఫ్రిజ్ కలిపి వేసవిలో రోజుకు సుమారు ఒక యూనిట్ కావచ్చు. తెలంగాణలో ఒక చదరపు మీటరు నేలపై రోజుకు సగటున 5 యూనిట్ల పైచిలుకు సౌరశక్తి పడుతుంది కనుక, వేడి, దుమ్ము, తీగల నష్టాలు తీసివేసినా 300 వాట్ల ఫలకం ఈ అవసరాన్ని తీరుస్తుంది. ఏసీ మాటకు వస్తే, 3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు ఉన్న కప్పు నిండా ఫలకాలు పరచినా రాత్రంతా నడిచే ఒక టన్ను ఏసీకి చాలదు. ఆ ఆశ వదులుకోవడమే మేలు. 100 ఆంపియర్ అవర్, 12.8 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 1.28 యూనిట్లను దాచగలదు. అయితే దానికీ అధికమైన వేడి పడదు కనుక, ఎండ తగిలే ఇనుప పెట్టెలో కాక గది లోపల నేల దగ్గర ఉంచాలి. ఫలకానికీ బ్యాటరీకీ మధ్య చార్జ్ కంట్రోలర్, అంటే వచ్చే విద్యుత్తును బ్యాటరీకి తగిన వోల్టేజికి సరిదిద్దే పరికరం, బ్యాటరీకి అతి సమీపంలో ఫ్యూజు తప్పనిసరి.

కప్పుకు వేసే ప్రతి రంధ్రం తొలకరిలో నీరు దిగే దారి కాగలదు కాబట్టి, బోల్టు చుట్టూ పాలీయురేథేన్ సీలెంట్ పూర్తిగా నింపాలి. స్పీడ్ బ్రేకర్ల కుదుపులకు వదులు కాకుండా నైలాక్ నట్లే, అంటే లోపల నైలాన్ వలయం ఉన్న నట్లే, వాడాలి. చట్టం సంగతి కూడా పనికి ముందే తేల్చుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రెయిలర్‌కూ రిజిస్ట్రేషన్ కావాలి. అదే చట్టంలోని 52వ సెక్షన్ రిజిస్టరైన వాహనాన్ని తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడాన్ని నిషేధిస్తుంది. అందుచేత ట్రెయిలర్ కట్టదలచినవారు కొలతలూ బరువూ చూపే నమూనా చిత్రంతో ముందు రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి, ఆ తరువాతనే కప్పుకు తొలి రంధ్రం వేయాలి.