పోర్చ్ లైటు వెలిగే వీధులు

2012 అక్టోబరు చివర శాండీ తుఫాను న్యూజెర్సీ తీరాన్ని అల్లకల్లోలం చేసి వెళ్ళింది. లక్షల ఇళ్ళకు కరెంటు లేదు. కూలిన చెట్లూ తెగిన తీగలూ ఇంకా వీధుల్లోనే ఉన్నాయి. అంత గందరగోళంలోనూ అప్పటి గవర్నరు క్రిస్ క్రిస్టీ హాలోవీన్ కోసం ప్రత్యేకంగా ఒక ఉత్తర్వు మీద సంతకం చేశారు. ఆ ఏడు పండుగ అక్టోబరు 31న కాదు, నవంబరు 5న. హాలోవీన్‌కు ప్రభుత్వ సెలవు లేదు. ఆఫీసులూ బ్యాంకులూ మామూలుగానే నడుస్తాయి. అయినా ఆ ఏటికి వదిలేద్దామనడానికి మనసొప్పక ఒక రాష్ట్రం దానికి వేరే తేదీ ఇచ్చింది. వేషాలు వేసుకున్న పిల్లలు పొద్దుగూకే వేళ ఇల్లిల్లూ తిరిగి క్యాండీ అడిగే ఆ రెండు మూడు గంటలంటే ఇక్కడి కుటుంబాలకు అంత పట్టింపు.

అలాంటి ట్రిక్-ఆర్-ట్రీట్ కొనఊపిరితో ఉందని ఏటా అక్టోబరులో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఈ రచయిత ఉండే మధ్య న్యూజెర్సీలో రెండు మాటలూ వినిపిస్తాయి. ఎడిసన్ పాత వీధుల్లో ఏళ్ళుగా ఉంటున్నవాళ్ళు, "మావైపు ఇప్పుడెవరూ రావడం లేదండీ, కొన్న క్యాండీ అంతా మర్నాడు ఆఫీసుకు పట్టుకెళ్ళాల్సి వస్తోంది" అంటారు. అక్కడికి కాస్త దూరంలో కొత్తగా కట్టిన టౌన్‌హోమ్ కమ్యూనిటీలో ఇల్లు కొనుక్కున్నవాళ్ళు, "కాస్ట్‌కోలో తెచ్చిన పెద్ద సంచులన్నీ ఏడున్నరకే ఖాళీ, ఆఖరికి పిల్లల లంచ్ బాక్సుల కోసం దాచిన గ్రనోలా బార్లు కూడా ఇచ్చేశాం" అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. అమెరికా మొత్తానికి కలిపి ఒకే జవాబు వెతికితే దొరకదు. వీధివీధికీ జవాబు మారుతుంది.

ఎందుకు మారుతుందో తెలియాలంటే ముందు పిల్లల లెక్క చూడాలి. 2007లో అమెరికాలో 43 లక్షల పైచిలుకు పిల్లలు పుట్టారు. అంతకుముందు ఏ ఏడాదీ అంతమంది పుట్టలేదు. 2023 వచ్చేసరికి ఆ సంఖ్య సుమారు 36 లక్షలకు పడిపోయింది. తలుపులు అన్నే ఉన్నాయి, తట్టే చేతులు తగ్గాయి. ఆ తగ్గుదల కూడా అన్నిచోట్లా సమానంగా లేదు. ఇక్కడ ఒక సబ్‌డివిజన్ కట్టారంటే ఇంచుమించు ఒకే ఈడు దంపతులు ఒకేసారి వచ్చి చేరతారు. వాళ్ళ పిల్లలు ఒకేసారి పెరుగుతారు, ఒకేసారి కాలేజీలకు వెళ్ళిపోతారు. తల్లిదండ్రులు మాత్రం ఆ ఇళ్ళలోనే ఉండిపోతారు. ఒకప్పుడు స్ట్రోలర్లూ సైకిళ్ళూ కిక్కిరిసిన వీధి పదిహేను ఇరవై ఏళ్ళకు నిశ్శబ్దమవుతుంది. ఆ ఇళ్ళు చేతులు మారి కొత్త జంటలు వచ్చేదాకా అంతే. హాలోవీన్ చచ్చిపోయిందని బాధపడే మనిషి చాలాసార్లు చూస్తున్నది తన వీధి వయసునే.

అప్పట్లో సందడి ఎంత ఉండేదో తెలియడానికి ఒక ఆధారం ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్ డీనర్, ఆయన సహచరులు సియాటెల్‌లోని 27 ఇళ్ళలో హాలోవీన్ రాత్రి పరిశీలన జరిపి 1976లో ఫలితాలు ప్రచురించారు. ముసుగు వేసుకుని, పేరు చెప్పకుండా, గుంపుగా వచ్చిన పిల్లలు "ఒక్కటే తీసుకోండి" అన్న మాట వింటారా లేదా అన్నది వాళ్ళ ప్రశ్న. వినలేదు, గుంపులో ఉన్నవాళ్ళు, ఎవరో తెలియనివాళ్ళు ఎక్కువ తీసుకున్నారు. ఆ పరిశోధనలో లెక్కకు వచ్చిన పిల్లలు 1,352 మంది. అంటే సగటున ఇంటికి యాభై. ఇప్పుడు ఎడిసన్ పాత వీధిలో గిన్నె పట్టుకుని కూర్చున్న మనిషికి ఆ యాభై కలలో మాట. కొత్త కాలనీలో అంతమంది తొలి అరగంటలోనే వచ్చిపోతారు.

ఇది అనాదిగా వస్తున్న ఆచారమేమీ కాదు. స్కాట్లండ్, ఐర్లండ్ వలసదారులు తెచ్చిన వేషాల సరదా ఉన్నా, "ట్రిక్ ఆర్ ట్రీట్" అంటూ ఇంటింటికీ తిరగడం గురించి 1920లలో కెనడా పత్రికలు రాయడం కనిపిస్తుంది. అమెరికాలో అది వేళ్ళూనుతుండగా రెండో ప్రపంచ యుద్ధం, చక్కెర రేషన్ వచ్చి పడ్డాయి. యుద్ధం ముగిసి రేషన్ ఎత్తేశాకే 1950లలో ఊరూరా పాకింది. దాని వెనుక పెద్దవాళ్ళ ఉపాయం కూడా ఉంది. హాలోవీన్ పేరుతో కుర్రాళ్ళు కిటికీలు పగలగొట్టడం, గేట్లు ఎత్తుకుపోవడం మామూలుగా ఉండే రోజుల్లో, అల్లరికి బదులు మిఠాయి అన్న ఒప్పందం ఊళ్ళకు నచ్చింది. ఐయోవాలోని డెమోయిన్ నగరం 1938లో అక్టోబరు 30ని "బెగ్గర్స్ నైట్"గా ప్రకటించింది. అక్కడ పిల్లలు ఊరికే చెయ్యి చాపకూడదు, ఒక జోకు చెప్పాలి. జోకు చెబితేనే క్యాండీ. ఆ అలవాటు ఇంకా పోలేదు. న్యూజెర్సీలో అక్టోబరు 30 రాత్రికి నేటికీ "మిస్చీఫ్ నైట్" అనే పేరు. చెట్లకు టాయిలెట్ పేపర్ చుట్టడం, కార్ల మీద గుడ్లు వేయడం దాని మిగులు.

పిల్లల లెక్క తర్వాత ఈ ఆచారాన్ని ఎక్కువ దెబ్బ తీసింది భయం. అపరిచితులు మిఠాయిలో విషం కలుపుతారు, ఆపిల్‌లో బ్లేడు పెడతారు అన్న మాట రెండు తరాల తల్లుల మనసుల్లో నాటుకుపోయింది. 1974 హాలోవీన్ రాత్రి టెక్సస్‌లో ఎనిమిదేళ్ళ పిల్లవాడు సైనైడ్ కలిపిన పిక్సీ స్టిక్స్ పొడి తిని చనిపోయిన మాట నిజం. పెట్టింది పరాయివాడు కాదు, కన్నతండ్రి రొనాల్డ్ ఓబ్రయన్. బీమా డబ్బు కోసం చేశాడని కోర్టులో రుజువైంది. 1984లో మరణశిక్ష అమలైంది. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో టైలెనాల్ మాత్రల్లో సైనైడ్ కలపడంతో ఏడుగురు చనిపోయారు. దానికీ హాలోవీన్‌కూ సంబంధం లేకపోయినా నెల రోజులకు వచ్చిన ఆ హాలోవీన్‌ను చాలా ఊళ్ళు బిక్కుబిక్కుమంటూ జరుపుకున్నాయి. డెలవేర్ విశ్వవిద్యాలయం సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ దశాబ్దాలుగా ఇలాంటి వార్తలను ఒక్కొక్కటే తిరగేస్తున్నారు. తలుపు తట్టిన బిడ్డకు ముక్కూమొహం తెలియని మనిషి ఇచ్చిన విషపు మిఠాయి వల్ల ప్రాణం పోయిందనో, తీవ్రమైన హాని జరిగిందనో రుజువైన ఘటన ఒక్కటి కూడా ఆయనకు దొరకలేదు.

అసలు ప్రమాదం రోడ్డు మీద ఉంది. 1975 నుంచి 2016 వరకు జరిగిన రోడ్డు ప్రమాదాలను పరిశీలించి జామా పీడియాట్రిక్స్‌లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, వారం ముందూ వారం తర్వాతా వచ్చే సాయంత్రాలతో పోలిస్తే హాలోవీన్ సాయంత్రం పాదచారులు చనిపోయే ప్రమాదం 43 శాతం ఎక్కువ. పొరుగింటాయన చేతిలోని చాక్లెట్‌ను అనుమానంగా చూసే తల్లిదండ్రులు, అదే పిల్లల్ని కారులో ఎక్కించి, పిల్లలతో నిండిన ఇంకో వీధికి నడుపుకుంటూ వెళ్ళడం ఈ రచయితకు మింగుడుపడని విషయం. అలా జనం పోగయ్యే వీధులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉండాలి, ఫుట్‌పాత్ ఉండాలి, అలంకరణ బాగుండాలి. ఆ పేరు ఒకసారి వస్తే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కార్లు బారులు తీరతాయి. ఒక వీధి నిండే కొద్దీ పక్క వీధి ఖాళీ అవుతుంది.

బయటి వీధుల నుంచి వచ్చే పిల్లలంటే విసుక్కునే ఇళ్ళూ ఉన్నాయి. మా పేటలో ఇల్లు లేనివాళ్ళకు మేమెందుకు పెట్టాలి అని అడుగుతారు. తమ అపార్టుమెంటు చుట్టూ ఫుట్‌పాత్ లేక, వీధిదీపాలు లేక పిల్లల్ని మరోచోటికి తీసుకొచ్చిన తల్లిని నిలదీయడం మర్యాద కాదు. హాలోవీన్ గొప్పదనమే అడగకుండా తలుపు తీయడంలో ఉంది. ఎవరి బిడ్డ, ఏ వీధి, ఏ దేశం అన్న ప్రశ్న ఆ ఒక్క రాత్రి ఎవరూ వేయరు. వేయకూడదు.

ట్రంక్-ఆర్-ట్రీట్ విషయంలోనూ ఈ రచయిత అభిప్రాయం గట్టిదే. 1990లలో చర్చి పార్కింగ్ లాట్లలో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు స్కూళ్ళకూ ఆఫీసులకూ తెలుగు సంఘాలకూ పాకింది. కార్ల డిక్కీలు తెరిచి, అలంకరించి, వరుసగా నిలబెడతారు. పిల్లలు పావుగంటలో అన్ని కార్లూ చుట్టేసి సంచి నింపుకుంటారు. చక్రాల కుర్చీలో ఉన్న బిడ్డకూ, ఇళ్ళు మైలుకొకటి ఉండే పల్లెలకూ, వీధిలో తుపాకీ మోతలు వినిపించే పేటలకూ అది నిజంగా మేలు. మంచి ఫుట్‌పాత్‌లున్న కాలనీవాళ్ళు కూడా సౌకర్యం పేరుతో దానికి అలవాటు పడటమే విచారం. పార్కింగ్ లాట్‌లో పిల్లలు కలిసేది ముందే తెలిసిన మనుషుల్ని. వీధి చివర ఒంటరిగా ఉండే ముసలావిడ ఆ లాట్‌కు రాదు. ఏడాదికి ఒక్కసారి ఆమె తలుపు తట్టే అవకాశం కూడా పోతుంది.

డబ్బు సంగతి చూస్తే పండుగ క్షీణించిన జాడే లేదు. 2023లో అమెరికన్లు హాలోవీన్ మీద 1,220 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తారని నేషనల్ రిటైల్ ఫెడరేషన్ అంచనా వేసింది. అప్పటికి అది రికార్డు. పచ్చికలో నిలబెట్టే పన్నెండడుగుల అస్థిపంజరాలకు, కుక్కల కాస్ట్యూములకు అందులో వాటా ఉంది. ఖర్చు పెరిగినంత మాత్రాన తలుపులు తెరుచుకుంటున్నట్టు కాదు. అంతకంటే నమ్మదగిన సాక్ష్యం 2020 నాటి సంగతి. కోవిడ్ ఏడాది ఇంటింటికీ తిరగడాన్ని సీడీసీ ఎక్కువ ప్రమాదమున్న పనుల జాబితాలో చేర్చింది. జనం మాత్రం పోర్చ్ మెట్ల రెయిలింగుకు పొడవాటి పీవీసీ గొట్టాలు కట్టి, పైనుంచి క్యాండీ జార్చి, కింద పిల్లల సంచుల్లో పడేట్టు చేశారు. చచ్చిపోతున్న ఆచారం కోసం ఎవరూ అంత శ్రమ పడరు.

ఇక తెలుగువాళ్ళ సంగతి. ఫ్రిస్కో, కమింగ్, మోరిస్‌విల్, యాష్‌బర్న్, ఎడిసన్ చుట్టుపక్కల ఊళ్ళు, ఎక్కడ కొత్త ఇళ్ళు లేస్తున్నాయో అక్కడ చిన్నపిల్లలున్న తెలుగు కుటుంబాలు చేరుతున్నాయి. ఆ వీధుల్లో ట్రిక్-ఆర్-ట్రీట్ నిండుగా ఉందంటే అందులో మనవాళ్ళ పాత్ర తక్కువేమీ కాదు. సాధారణంగా ఇక్కడ ఒక చిక్కు ఉంది: పిల్లల వెంట అమ్మానాన్నా ఇద్దరూ వెళ్తే ఇంట్లో తలుపు తీసేవాళ్ళుండరు. "ఒకటి తీసుకోండి" అని చీటీ అంటించిన గిన్నె గుమ్మంలో మిగులుతుంది. తెలుగు ఇళ్ళలో చాలాచోట్ల ఆ లోటును ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ తీరుస్తున్నారు. శాలువా కప్పుకుని తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతి రాకుమారినీ, ప్రతి స్పైడర్‌మ్యాన్‌నీ తేరిపార చూసి రెండేసి చాక్లెట్లు వేస్తారు.

వాళ్ళలో కొందరికి ఇది మరీ కొత్తగా అనిపించదు. దసరా రోజుల్లో బడిపంతులు పిల్లల్ని వెంటేసుకుని, పద్యాలు పాడించుకుంటూ ఇల్లిల్లూ తిరగడం, పంతులుగారికి సంభావన, పిల్లలకు పప్పుబెల్లాలు ముట్టడం కోస్తా ఊళ్ళలో పెద్దతరం చూసిందే. తెలంగాణలో హోలీ ముందు పిల్లలు జాజిరి పాటలు పాడుతూ గడపగడపకూ వెళ్ళడమూ అంతే. వీధిబళ్ళు పోయి, పంతుళ్ళకు నెలజీతాలు వచ్చాక ఆ దసరా తిరుగుడు ఆగిపోయింది. పాటలు పుస్తకాల్లో మిగిలాయి. పిల్లలు గడప ఎక్కడం మానేస్తే ఊరు ఏం పోగొట్టుకుంటుందో ఆ తాతయ్యకు ఇక్కడి పొరుగువారికంటే బాగా తెలుసు.

2024లో దీపావళి అక్టోబరు 31నే వచ్చింది. కొన్ని ఇళ్ళలో లక్ష్మీపూజ ఆ సాయంత్రమే, కొన్నింట్లో మర్నాడు. న్యూయార్క్ నగరం నవంబరు 1న దీపావళికని మొదటిసారి బడులకు సెలవిచ్చింది. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న వీధుల్లో ఆ రాత్రి చెక్కిన గుమ్మడికాయ పక్కనే ప్రమిదలు పెట్టారు, వేషాలు విప్పకుండానే పిల్లలు కాకరపువ్వొత్తులు కాల్చారు. ఇంటికొచ్చాక మిగతా పని అమ్మలది: సంచి నేలమీద బోర్లించి, స్టార్‌బర్స్ట్ వంటి జెలటిన్ ఉన్నవి శాకాహారుల ఇళ్ళలో ఒక కుప్ప, వేరుశెనగ పడనివాళ్ళ ఇళ్ళలో రీసెస్, స్నికర్స్ ఇంకో కుప్ప. అలాంటి పిల్లల కోసమే ఆహార అలర్జీల సంస్థ ఎఫ్ఏఆర్ఈ 2014 నుంచి నీలాకుపచ్చ గుమ్మడికాయ పద్ధతిని దేశమంతా ప్రచారం చేస్తోంది. గుమ్మం ముందు ఆ రంగు కాయ ఉంటే తినేవి కాని బహుమతులు కూడా ఇస్తారని గుర్తు.

ఎనిమిది దాటాక ఇంకో గుంపు వస్తుంది. మీసాలు మొలుస్తున్న కుర్రాళ్ళు, సరైన వేషం కూడా ఉండదు. ఒక టోపీయో, పాత జెర్సీయో. చాలా ఇళ్ళు వాళ్ళను చూసి, ఇక రావద్దన్నట్టు పోర్చ్ లైటు ఆర్పేస్తాయి. వర్జీనియాలోని చెసపీక్ నగరంలో అయితే పన్నెండేళ్ళు దాటిన పిల్లలు తిరిగితే జైలు అనే నిబంధన దశాబ్దాల పాటు పుస్తకాల్లో ఉంది; 2019లో వయసును పద్నాలుగుకు పెంచి జైలు మాట తీసేశారు. ఆ పదిహేనేళ్ళ కుర్రాడు అదే సాయంత్రం ఫోను పట్టుకుని గదిలో కూర్చోవచ్చు, ముందురోజు రాత్రి మిస్చీఫ్ నైట్ పేరుతో పక్కింటి కారు మీద గుడ్లు వేసి ఉండొచ్చు. అవేవీ కాకుండా పొరుగింటి గంట నొక్కి, పెద్దవాళ్ళకు నమస్కారం చెప్పి క్యాండీ అడుగుతున్నాడు. అతనికి రెండు ఇవ్వాలి. అతని వెనక నిలబడ్డ ముగ్గురికీ ఇవ్వాలి. గిన్నెలో ఇంకా మిగిలి ఉంటే తొమ్మిదింటిదాకా లైటు వేసే ఉంచాలి.