సిమెంటు లారీలు

డిసెంబర్ 8, 2024, ఆదివారం. కోసిగి

ఆరాధన అయినాక పాస్టరుగారు పట్టుకున్నారు. 20న సెమీ క్రిస్మస్ అంట, హాస్టలు పిల్లలు గూడా వస్తారంట. "మిలిటరీలో పాద్రీగా చేసినారు గదా సార్, పిల్లలకు ఒక అరగంట ఏదన్నా చెప్పండి" అన్నారు. అరగంట కదలకుండా ప్రసంగం వినే పిల్లోడు ఈ లోకంలో ఇంకా పుట్టలేదు. అయినా ఒప్పుకున్నాను.

మిలిటరీలో పాద్రీ ఏం చేస్తాడో ఊర్లో శానామందికి ఇప్పటికీ తెలీదు. హిందువులకు పండిత్‌జీ, సిక్కులకు గ్రంథీ, ముసల్మానులకు మౌల్వీ, మాకు పాద్రీ. కాగితాల్లో అందరం రిలీజియస్ టీచర్లమే, నాయబ్ సుబేదారుగా చేరతాం. సెలవు దొరకని కుర్రోడు రాత్రి ఏడిస్తే పక్కన కూర్చోవడం, చనిపోయినోడి ఇంటికి ఉత్తరం రాయడం మా పని. మా ఆమె ఇప్పటికీ ఎక్కిరిస్తుంది: "ఇరవై రెండేండ్లు పటాలంలో ఉండి ఒక్క టపాకాయ గూడా కాల్చల్యా!"

బ్లేస్‌డెల్ కథ చెప్తాను. ఆయనా కాల్చలేదు.

డిసెంబర్ 10, మంగళవారం

రాసుకుంటే గానీ నాకు మాట కుదరదు.

రసెల్ బ్లేస్‌డెల్. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం వాడు, 1910లో పుట్టినాడు. ప్రెస్బిటీరియన్ బోధకుడు. 1940లో సైన్యంలో పాద్రీగా చేరినాడు. పదేండ్లకు లెఫ్టినెంట్ కర్నల్ హోదాలో, అమెరికా ఐదో వైమానిక దళం పాద్రీగా సియోల్‌లో దిగినాడు. కొరియా యుద్ధం 1950 జూన్ 25న మొదలైంది. ఏడాది తిరక్కముందే సియోల్ నాలుగు సార్లు చేతులు మారింది. అట్లాంటి ఊర్లో తల్లీదండ్రీ లేని పిల్లలు వీధిలో పడక ఇంకేం చేస్తారు?

ఆయనా, మెర్ల్ స్ట్రాంగ్ అనే సార్జెంటూ లారీ తీసుకొని సందుసందూ తిరిగి పిల్లలను ఎత్తుకొచ్చేవాళ్లు. ఒకచోట చేర్చి, కడిగి, తినబెట్టి, ఒంట్లో బాగలేనోళ్లకు మందులిప్పించి, అనాథాశ్రమాలకు పంపేవాళ్లు. ఇది ఎవరో చెప్పిన డ్యూటీ కాదు.

ఆ చలికాలమే మనవాళ్లూ కొరియాలో ఉన్నారు. లెఫ్టినెంట్ కర్నల్ రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్. డిసెంబర్ మొదట్లో చైనావాళ్లు మీదికొస్తుంటే ప్యాంగ్‌యాంగ్ ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆస్పత్రి సామాన్లు వదిలేయమన్నా వినకుండా, ఒక రైలింజను సంపాదించి, నీళ్లు మోసి పోసి తామే తోలుకొని బయటపడినారు. పటాలంలో ఈ కథ శానాసార్లు విన్నాను, విన్నప్పుడల్లా ఛాతీ పొంగేది. ఆ రైలు కథ మనకు తెలుసు. లారీ పాద్రీ కథే తెలీదు.

డిసెంబర్ 13, శుక్రవారం

పొద్దున పాలకని పోతే బస్టాండు కాడ రెండు లారీలు. సుగ్గికి పోయేవాళ్లు. జొన్నపిండి మూటలు, చాపలు, బిందెలు, ఒక కోడి గూడా. గుంటూరు దిక్కు మిరప కోతకు, పత్తి ఏరడానికి. ఈసారీ మా దిక్కు పంట చేతికి రాలే. ముసలోళ్లు ఇండ్లకాడ మిగులుతారు. పిల్లల్లో సగం మంది లారీ ఎక్కుతారు, బడి రిజిస్టరులో మాత్రం ఉంటారు.

ఒక పిల్ల, ఎనిమిదేండ్లుంటాయేమో, చంకలో తమ్ముణ్ణి ఏసుకొని టైరు మీద కాలుపెట్టి ఎక్కింది. ఎవరూ చెయ్యి అందియ్యలే. అలవాటు మాదిరి ఎక్కింది.

దీన్నీ సియోల్ కథనీ కలపగూడదు. అక్కడ తల్లీతండ్రీ చచ్చిపోయినారు, ఇక్కడ తల్లి ముందు కూర్చోనుంది. అయినా లారీ చూస్తే మనసు కొరియాలో ఇంచాన్ రేవుకు పోయింది.

డిసెంబర్ 14, శనివారం

మా జేజి చెప్పేది, వాళ్ల జేజి ధాత కరువు పిల్ల అని. 1876లో మొదలై రెండేండ్లు తిన్న కరువు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా మనుషుల్లో దాదాపు నాలుగో వంతు లేకుండా పోయినారు. కడపలో ఒక మిషన్ కాంపౌండులో పెరిగిందంట ఆమె. సొంత ఊరేదో తెలీదు, ఆమెకున్న పేరు అక్కడ పెట్టిందే. ఎవరు పెట్టినారు? ఒక బోధకుడో, వంట చేసే ఆమెనో. మా ఇంటి పేరు వెనకాల అంతకన్నా చరిత్ర లేదు. పిల్లలకు ఇది చెప్పను. ఇది నాకు.

డిసెంబర్ 16, సోమవారం

అసలు ఘట్టం.

చైనా సైన్యం దిగివస్తా ఉంటే సియోల్ ఖాళీ అవుతోంది. వైమానిక దళం హెడ్‌క్వార్టర్స్ దక్షిణాన తేగూకు పోయింది. బ్లేస్‌డెల్ మాత్రం ఉండిపోయినాడు. చేతిలో దాదాపు వెయ్యి మంది పిల్లలు. చెజు దీవికి ఓడలో పంపాలని ఏర్పాటు. అందరినీ ఇంచాన్ రేవుకు చేర్చినారు. అనుకున్న ఓడ రాలే. మంచు, చలి, ఒక బడి కట్టడం. రోజులు గడిచినాయి. పిల్లల్లో కోరింత దగ్గు, తట్టు లేచినాయి. కొందరు పసివాళ్లు అక్కడే పోయినారు.

ఆయన కింపో విమానాశ్రయానికి పోయినాడు. రోజర్స్ అనే కర్నల్‌కు పరిస్థితి చెప్పినాడు. విమానాలు ఇస్తాను, రేపు పొద్దున ఎనిమిదికి పిల్లలు ఇక్కడ ఉండాల అన్నాడు ఆ కర్నల్. విమానాలు దొరికినాయి సరే, ఇంచాన్ నుంచి కింపోకు వెయ్యి మందిని చేర్చేది ఎట్లా?

ఇంచాన్‌లో సిమెంటు మోతకు పెట్టిన మిలిటరీ లారీలు కనబడినాయి. ఆ లారీలు ఆయనవి కావు, ఆ డ్రైవర్లు ఆయన కింద లేరు. ఉన్నది భుజం మీద హోదా ఒకటే. దాన్నే వాడినాడు. లారీలు పిల్లల దిక్కు తిరిగినాయి.

ఎనిమిదికి రమ్మంటే పదికి చేరినారు. విమానాలు ఇంకా నిలబడే ఉన్నాయి. 1950 డిసెంబర్ 20. పదహారు సి-54 విమానాలు, 964 మంది పిల్లలు, 80 మంది ఆశ్రమం పనివాళ్లు.

ఆ రెండు గంటలు ఆయన దేవునితో ఏం మాట్లాడినాడో పాస్టర్లు చెప్పమంటారు. నాకు సిమెంటు లారీలే చాలు.

డిసెంబర్ 17, మంగళవారం, రాత్రి

నిద్ర పట్టలే. ఇన్నేండ్లుగా రాయనిది రాస్తున్నాను.

ఒక కొండ ఊరు. పేరు వద్దు. చలికాలం. ఇల్లు కాలిపోయిన ఇద్దరు పిల్లలు మా గేటు కాడికి వచ్చినారు, అన్నా చెల్లెలు. సెంట్రీ నన్ను పిలిచినాడు. నేను టీ ఇప్పించినాను, రొట్టె ఇప్పించినాను. లోపల పండుకోబెట్టడానికి అనుమతి కావాల. పిలగాళ్లను ఎక్కడికన్నా చేర్చడానికి బండి కావాల. అర్జీ రాసినాను, మంచి ఇంగ్లీషులో, మూడు పేరాలు. రెండు రోజులకు మంజూరు అయింది. అప్పటికి గేటు కాడ ఎవరూ లేరు.

ఎవరి తప్పూ లేదు. సంతకం పెట్టినాయన తొందరగానే పెట్టినాడు. పక్కనే రేషను బండి ఖాళీగా నిలబడి ఉన్నింది, డ్రైవరు నా మాట వినేవాడు. నేను అడగలే. అర్జీ రాయడం తెలిసినోడికి అర్జీనే కనబడుతుంది.

డిసెంబర్ 18, బుధవారం

పేరు సంగతి. ఈ కథతో 1957లో హాలీవుడ్ సినిమా వచ్చింది, రాక్ హడ్సన్ హీరో. కానీ ఆయన వేసిన పాత్ర డీన్ హెస్ అనే పైలట్‌ది. హెస్ గూడా ముందు బోధకుడే, తర్వాత యుద్ధవిమానం ఎక్కినాడు. విమానాలు ఆయన తెప్పించినట్టే లోకానికి తెలిసింది. బ్లేస్‌డెల్ లేడు, స్ట్రాంగ్ లేడు. హెస్‌ను తీసిపారేయలేం. చెజులో పిల్లలకు చోటు చూసింది ఆయనే, పుస్తకం, సినిమా డబ్బులు అనాథాశ్రమానికే ఇచ్చినాడు. ఆ పిల్లలను సాకిన కొరియా ఆమె వాంగ్ ఓన్‌సూన్ పేరు ఎవరికి గుర్తు? ఇంచాన్ బడిలో రాత్రిళ్లు దగ్గే పిల్లల పక్కన కూర్చున్న ఆయాల పేర్లయితే అసలే లేవు. ఒకళ్ల పేరు ఇంకొకళ్లు తీసుకున్నారని కొట్లాడేటప్పుడు గూడా ఆ 80 మందిని లెక్కలోకి తీసుకోం.

బ్లేస్‌డెల్ గొడవ పడలే. 2001లో, తొంభై ఏండ్ల వయసులో కొరియా పోయినాడు. అప్పటి పిల్లలు ముసలోళ్లయి ఎదురొచ్చినారు. 2007లో చనిపోయినాడు.

డిసెంబర్ 20, శుక్రవారం

చెప్పినాను. పద్దెనిమిది నిమిషాలు. తారీఖు ఇదే అని చెప్తే పెద్దోళ్లు "అవునా" అన్నారు, పిల్లలు కేకు దిక్కు చూసినారు. లారీలు వచ్చినాక మాత్రం కదలకుండా విన్నారు.

ఒకడు చెయ్యెత్తినాడు: "తాతా, మరి ఆ సిమెంటు ఏమైంది?"

అందరూ నవ్వినారు. పాస్టరుగారు గూడా. నేను నవ్వలేకపోయినాను. ఆ ప్రశ్న వేయాల్సింది వాడే. నేనైతే ఆ పొద్దున ఇంచాన్‌లో నిలబడి మొదట అదే అడిగేవాణ్ణి.

డిసెంబర్ 22, ఆదివారం

రేపు సుగ్గికి ఇంకో లారీ పోతుంది. నిన్న సాయంత్రం ఆ పోయేవాళ్ల వీధికి పోయి అడిగినాను, పిల్లలను వదిలిపెట్టి పోండి, చర్చి హాల్లో పెట్టుకుంటాం, బడికి పోతారు, తిండి మేము చూస్తాం అని. ఒకామె మొహం మీదే చెప్పింది: "నువ్వు బియ్యం పెడతావు సరే అయ్యా. చంటోణ్ణి చేను గట్టు మీద ఎవరు చూస్తారు? నా పెద్దపిల్ల గాదా?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంకొకాయన, ఆడపిల్లను యాడా వదలం అన్నాడు. అదీ తప్పనలేను.

పాస్టరుగారికి చెప్తే కమిటీ కూర్చోవాల, పండగ అయినాక చూద్దాం అన్నారు. సరే అన్నాను. హాలు తాళంచెవి ఒకటి నా దగ్గరే ఉంటుంది, గంట కొట్టేది నేనే గనక. రాత్రి తీసినాను. మా ఆమె రెండు దుప్పట్లు తెచ్చి, ఏమీ అనకుండా పరిచిపోయింది.

ముగ్గురు నిలిచినారు. ఇద్దరు అన్నదమ్ములు, ఒక పిల్ల. చిన్నోడికి జలుబు.